గిజిగాడు కట్టిన కీబోర్డు

ఇప్పలకోన అడవిలో ఏ జంతువుకు అర్జీ కావాలన్నా ఎలుగుబంటి భల్లయ్యే రాసిపెట్టాలి. ఇప్పచెట్టు కింద ఆయనకో బల్ల, దాని మీద ఓ కంప్యూటరు. మడుగులో పూడిక తీయించాలన్నా, దారికడ్డంగా వేసిన కంచె ఎత్తించాలన్నా అటవీ ఆఫీసుకు భల్లయ్య కొట్టిన కాగితమే వెళ్ళాలి. మాట ఎక్కడ మెత్తగా ఉండాలో, ఎక్కడ గట్టిగా ఉండాలో ఆయనకు తెలిసినట్టు ఆ అడవిలో ఇంకెవరికీ తెలియదు.

చిక్కల్లా ఆయన గోళ్ళతోనే వచ్చింది. వయసుతోపాటు అవీ పెరిగాయి. బజారు కీబోర్డు మీద ఒక మీట నొక్కబోతే పక్కనున్న మూడూ దిగబడేవి. ‘దయచేసి’ అన్నచోట గోరు ఇరుక్కుని ఏడు ‘ద’లు పడ్డాయని ఆఫీసువాళ్ళు దుప్పుల అర్జీని తిప్పి పంపారు. గోళ్ళు కత్తిరించుకోమంటే, “మరి చెట్టెక్కేదెట్లా?” అంటాడు. అదీ నిజమే.

అడవికి పెద్దదిక్కు ఏనుగమ్మ. ఆమె భల్లయ్యను పిలిపించింది.

“భల్లయ్యా, నీ మీద నాకేం కోపం లేదు. కానీ మడుగు ఎండిపోతోంది, అర్జీలు తిరిగొస్తున్నాయి. వచ్చే శుక్రవారం అందరి ముందూ పది వరుసల అర్జీ ఒక్క తప్పు లేకుండా కొట్టు. కొట్టావా, బల్ల నీదే. లేదంటే కోతికిచ్చేస్తాను.”

“ఆ బల్ల పోతే నేనింక దేనికీ పనికిరానమ్మా” అన్నాడు భల్లయ్య.

“అందుకేగా వారం గడువిచ్చింది. నీ చేతికి సరిపోయే కీబోర్డు చూసుకో.”

ఆ పని తెలిసినవాడు గిజిగాడు. గూళ్ళు అల్లడంలో పేరు మోసిన ఈ పిట్టకు ఈమధ్య కీబోర్డుల పిచ్చి పట్టింది. ఎవరి చేతికి తగ్గట్టు వాళ్ళకు విడిగా కట్టి ఇస్తాడు. ఉడతకొకటి కట్టాడు, రేగుపండంత మీటలతో. వడ్రంగిపిట్టకొకటి కట్టాడు, ముక్కుతో పొడిచినా చెక్కుచెదరదు. వీళ్ళంతా ఆదివారం ఒకచోట చేరి ఒకరి కీబోర్డు ఒకరు నొక్కి చూసుకుంటూ పొద్దెక్కినా అన్నం మాటే ఎత్తరు. ఇదేం పిచ్చి అని మొదట్లో నేనూ నవ్వాను. ఒకసారి నొక్కి చూశాక నవ్వడం మానేశాను.

“నాకెట్లాంటిది కడతావు?” అని అడిగాడు భల్లయ్య.

“ఇప్పుడే ఏం చెప్పను పెద్దయ్యా. మీ పని మీరు చేసుకోండి, నేను కూర్చుని చూస్తా.”

రెండు రోజులు కొమ్మ మీద కూర్చుని ఊరికే చూశాడు. ఏ గోరు ముందు దిగుతోంది, మణికట్టు ఎటు వాలుతోంది, ఎక్కడ అలసిపోయి ఆగుతున్నాడు, అంతా చూశాడు. మూడో రోజు పనిలోకి దిగాడు. ప్రతి మీట కిందా ఓ చిన్న డబ్బా, అందులో ఓ స్ప్రింగు ఉంటాయి. దాన్నే స్విచ్చి అంటారు. భల్లయ్య చెయ్యి బరువు కాబట్టి గట్టి స్ప్రింగులు వేశాడు, గోరు రాసుకున్నంత మాత్రాన దిగకుండా. మీటలు దూరం దూరంగా పెట్టి, ఒక్కోదానికి గోరు కుదురుకునేలా చిన్న గుంట తొలిచాడు. స్విచ్చిలన్నీ విప్పి, ఈకతో గ్రీజు రాసి, మళ్ళీ మూశాడు. అంతా అయ్యాక ఒకటి నొక్కి మొహం చిట్లించాడు.

“ఇది గరగరమంటోంది.”

“నాకేం వినబడటం లేదురా” అన్నాడు భల్లయ్య.

“నాకు వినబడుతోంది గదా” అని మళ్ళీ విప్పాడు. ఇలాంటివాణ్ణి చూస్తే నాకు ముచ్చటేస్తుంది, దాచుకోవడమెందుకు.

గురువారం నక్క ఊడిపడింది. చంకలో ఓ కీబోర్డు, దాని నిండా రంగురంగుల దీపాలు.

“బావా, ఆ పిట్ట మాట నమ్మి కూర్చున్నావా? అది కట్టేది చెక్కపెట్టె. అసలు సరుకంటే ఇదీ. ఈ ఏడు నీకొచ్చే తేనెంతా నాకిచ్చెయ్, ఇది నీది.”

“తేనెంతానా?”

“రేపు దీని చప్పుడు విన్నాక మాట్లాడు బావా. బేరం నువ్వే మొదలెడతావు.”

శుక్రవారం పొద్దున అడవంతా ఇప్పచెట్టు కింద చేరింది. ముందు గిజిగాడి కీబోర్డు బల్లెక్కింది. భల్లయ్య నాలుగు మీటలు నొక్కాడు. చెక్క మీద గవ్వలు పడ్డట్టు మెత్తటి చప్పుడు. బాగానే ఉందన్నారు కొందరు. వెనక వాళ్ళకు సరిగ్గా వినబడనే లేదు.

తర్వాత నక్క వచ్చి, “కాస్త సర్దాలి” అంటూ కంప్యూటరు ముందు కూర్చుని ఏదో కెలికింది. తన కీబోర్డు వైరు గుచ్చి మీటలు నొక్కింది. టకటకమని చెట్టు చెట్టూ మారుమోగింది. దుప్పులు చెవులు రిక్కించాయి. కోతులు గంతులేశాయి. ఆదివారం సంఘం ఉడత కూడా నోరు వెళ్ళబెట్టింది.

“ఒక్కో మీట కిందా ఏడేసి స్ప్రింగులు” అంది నక్క. “ఈ నాదమంతా వాటి కడుపులోంచి పుట్టేదే. ఇంకెక్కడా దొరకదు.”

భల్లయ్యకు కళ్ళు చెమర్చాయి. ఇంత గొప్పది ఉంటే తన చేతి తప్పులు వాటంతటవే పోతాయనిపించింది పాపం. తేనె పోతే పోయింది, బల్ల దక్కుతుందనుకుని నక్క కీబోర్డు వైపు చెయ్యి చాచాడు.

గిజిగాడు మాత్రం తల ఒక పక్కకు వాల్చి వింటున్నాడు. అడుగున ఉండే పొడుగు మీట నొక్కినా అదే చప్పుడు, బుల్లి మీట నొక్కినా అదే చప్పుడు. పెద్ద మీట గొంతు ఎప్పుడూ బొంగురుగానే ఉంటుంది. వందల మీటలు బిగించినవాడికి ఆ సంగతి ఒకరు చెప్పాలా? వాడికి విషయం అర్థమైపోయింది. అయినా అరవలేదు, ఆరోపించలేదు.

“అబ్బ, ఏం నాదం మామా” అన్నాడు నక్కతో. “ఇంతటిదాన్ని తాబేలు తాత వినకపోతే ఎట్లా? ఆయనకసలే చెముడు. వెనక వరుసలో కూర్చున్నాడు.”

“వినమను, నాకేం భయం?” అంది నక్క, పొగడ్తకు ఒళ్ళు మరిచిపోయి.

“అయితే కాస్త ఆయన చెవి దగ్గరికి తీసుకెళ్ళు. నాదం మీటల కడుపులోనే ఉందన్నావుగా, ఎక్కడికెళ్ళినా వెంటే వస్తుంది.”

నక్క మొహంలో రంగు మారింది. “వైరు అంత దూరం రాదు” అంది.

“వైరుతో పనేముంది మామా? స్ప్రింగుకి కరెంటు ఎందుకు?” అంటూ గిజిగాడు తన కీబోర్డు వైరు పీకి, దాన్ని బల్ల మీదే నొక్కాడు. అదే మెత్తటి చప్పుడు, మళ్ళీ అలాగే.

“నక్కా, తీసుకెళ్ళు” అంది ఏనుగమ్మ.

తీసుకెళ్ళక తప్పింది కాదు. తాబేలు తాత చెవి దగ్గర నక్క ఒక మీట నొక్కింది, ఇంకోటి నొక్కింది, పది నొక్కింది. దీపాలు వెలగలేదు, చప్పుడూ లేదు. అంతా మెత్తటి రబ్బరు.

“నాకు చెముడు ముదిరినట్టుందర్రా, ఏమీ వినబడటం లేదు” అన్నాడు తాత.

“మాకూ వినబడటం లేదు తాతా” అన్నాయి అన్నీ.

కోతి వెళ్ళి కంప్యూటరులో వెతికింది. మీట నొక్కినప్పుడల్లా కంప్యూటరే చప్పుడు చేసేలా నక్క పెట్టిన సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. టకటకలే కాదు, అందులో కప్పల బెకబెకలున్నాయి, వానచినుకులున్నాయి, తబలా కూడా ఉంది. కోతి ఒక్కొక్కటే మార్చి వినిపిస్తుంటే అడవంతా పడీపడీ నవ్వింది.

“దీన్ని చేసినవాళ్ళెవరో గానీ దండం పెట్టాలి” అన్నాడు గిజిగాడు మనస్ఫూర్తిగా. “ఎంత చక్కటి సరదా. ఇది సరదా వస్తువని చెప్పి ఇచ్చుంటే నేనే అడిగి పెట్టించుకునేవాణ్ణి మామా.”

నక్క తన కీబోర్డు చంకన పెట్టుకుని మెల్లగా వెనక్కి జరిగింది.

భల్లయ్య సిగ్గుపడుతూ వచ్చి గిజిగాడి కీబోర్డు వైరు మళ్ళీ గుచ్చి దాని ముందు కూర్చున్నాడు. మొదటి వరుస నెమ్మదిగా కొట్టాడు. రెండోది కాస్త వేగంగా. మూడో వరుస నుంచి చెయ్యి సంగతే మరిచిపోయి, మడుగు గురించి తాను చెప్పదలుచుకున్న మాటల మీదే మనసు పెట్టాడు. పదో వరుస అయ్యాక ఏనుగమ్మ కాగితం అందుకుని పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి చదివింది.

“ఒక్క తప్పూ లేదు. బల్ల నీదే భల్లయ్యా.”

భల్లయ్య గిజిగాడి ముందు తల వంచి, ఆ పెద్ద పంజాతో వాడి వీపు మెల్లగా నిమిరాడు.

“నక్కా, నువ్వు ఆగు” అంది ఏనుగమ్మ. “చేసింది మోసమని ఒప్పుకుంటూ నాకు కాగితం రాసివ్వాలి. అదిగో బల్ల, అదిగో రాసేవాడు.”

నక్క తోక ముడుచుకుని వచ్చి బల్ల ముందు నిలబడింది. కాసేపు గొణిగింది. భల్లయ్య మీటల మీద గోళ్ళు కుదురుగా పెట్టి తలెత్తాడు.

“కొంచెం గట్టిగా చెప్పు బావా. ఈసారైనా తాబేలు తాతకు వినబడాలి.”

నీతి: సరదా వస్తువును చప్పుడు విని మెచ్చుకోవచ్చు, పనిముట్టును మాత్రం చేత్తో పట్టి చూసే ఎంచుకోవాలి.