తీతువు లేవని బండి

నల్లకోన అడవిలో ముంగిసలు, ముళ్ళపందులు, అడవికోళ్ళు, దుప్పులు, కుందేళ్ళు కలిసి ఉండేవి. ఏ అడవికి ఏ పిచ్చి ఉందో మనకు తెలియదు కానీ, నల్లకోన జంతువులకు మాత్రం మోటారుసైకిళ్ళ పిచ్చి. తిండి ముందు పెట్టుకుని కూడా బండ్ల మాటే మాట్లాడుకునేవి.

వేసవిలో కోన చెరువు ఎండిపోయాక, వానలకు ముందు ఆ చెరువులో బండ్ల పందెం జరిగేది. పన్నెండు చుట్లు తిరగాలి. గెలిచిన జంతువు వానాకాలమంతా గుట్ట మీది గుహలో ఉండవచ్చు. ఆ అడవిలో చుక్క నీరు కారని చోటు అదొక్కటే.

ఆ పందేనికి పెద్దలు పెట్టిన నియమం ఒకటుంది. చెరువు మలుపు దగ్గర తీతువు పిట్ట ఏటా నేల మీదే గుడ్లు పెట్టేది. ఎండకు అవి ఉడికిపోకుండా, పొద్దంతా వాటికి నీడగా కూర్చునేది. ఏ బండి చప్పుడుకు తీతువు బెదిరి గుడ్ల మీంచి లేస్తే, ఆ బండి పందెం నుంచి తప్పుకోవాలి. మలుపు దగ్గర మోడు మీద కాకి పెద్దయ్య కాపలా ఉండేది. అది రెక్కలు రెండూ చాపితే అదే నల్లజెండా. కానీ ఇన్నేళ్ళలో తీతువు ఒక్కసారీ లేవలేదు. అందుకని ఆ నియమం ఉందన్న మాటే చాలామంది మరిచిపోయారు.

ముంగిస మంగకు ముగ్గురు పిల్లలు. పోయిన వానాకాలంలో దాని బొరియలోకి నీళ్ళు వచ్చాయి. పిల్లలను ఒక్కొక్కరినీ నోట కరుచుకుని చెట్టు తొర్రలోకి చేర్చింది. చిన్నది తడిసి, పదిరోజులు వణికింది. ఆ పదిరోజులూ మంగ కంటి మీద కునుకు లేదు. ఈసారి గుహ ఎలాగైనా దక్కించుకోవాలని అప్పుడే అనుకుంది.

అడవికోడి పుంజు సింగారయ్యకు గుహతో పనే లేదు. అది పడుకునేది కొమ్మ మీద. అయినా కిందటేడు గెలిచి, గుహ మీదెక్కి కూయడానికి మాత్రం వాడుకుంది.

చలికాలం వెళ్ళగానే పొరుగు అడవి నుంచి ఒక కోతి వచ్చింది. దాని మూట నిండా తళతళలాడే సైలెన్సర్లు. బండికి ఉన్నది తీసేసి ఇది బిగిస్తే, ఎదుటివాడు సగం చుట్టు వెనకబడతాడని ఊరించింది. ఒక్కోదానికి వెల, కుండెడు తేనె.

సింగారయ్య ముందూ వెనకా చూడకుండా కొనేసింది. బండి స్టార్టు చేసేసరికి కొమ్మల మీది పిట్టలన్నీ ఎగిరిపోయాయి. సింగారయ్య మెడ సాచి అటూ ఇటూ చూసుకుంది. అందరూ తననే చూస్తున్నారు. దానికి అంతకన్నా ఏం కావాలి?

మంగ దగ్గరా కుండెడు తేనె ఉంది. మూతి వాచేలా తేనెటీగలతో కుట్టించుకుని, ఏడాది పొడవునా కూడబెట్టిన తేనె. ఆ చప్పుడు విన్నాక దానికి మనసు మనసులో లేదు. కుండ చంకన పెట్టుకుని, కోతి దగ్గరికి పోతూ పోతూ మెకానిక్ ముత్యాలు దగ్గర ఆగింది. ముత్యాలు ముసలి ముళ్ళపంది. తన ముల్లు తానే పీక్కుని, దాంతో కార్బురేటర్ శుభ్రం చేసేది.

"ముత్యాలు మామా, ఆ సైలెన్సర్ కొంటే గెలుస్తానా?" అని అడిగింది మంగ.

"పనికిరాదని అననమ్మా. పాతదానికంటే తేలిక. బండి బాగా తోలేవాడికి, మిగతావన్నీ సరిగ్గా ఉన్నవాడికి కాస్త కలిసొస్తుంది. అదీ పెట్రోలు, గాలి పాళ్ళు మళ్ళీ సరిచేసుకుంటేనే. ముందు నీ టైర్లు చూసుకో, నా అరికాలికంటే నున్నగా ఉన్నాయి," అంది ముత్యాలు.

మంగ ముఖం చిన్నబోయింది. అది చూసి ముత్యాలుకు జాలేసింది. కోతిని అడిగి ఒక్క పూటకు సైలెన్సర్ తెచ్చింది. అప్పటికి తీతువు ఇంకా గుడ్లు పెట్టలేదు, చెరువంతా ఎండి ఖాళీగా ఉంది. ముత్యాలు ఒక సొరకాయ బుర్రకు చిల్లు పొడిచి, నీళ్ళు పోసి, కొమ్మకు వేలాడదీసింది. ఒక్క చుట్టుకు ఎన్ని చుక్కలు పడతాయో చూద్దామంది.

పాత సైలెన్సర్‌తో మంగ చుట్టు తిరిగి వచ్చేసరికి తొంభై రెండు చుక్కలు పడ్డాయి. ముత్యాలు కొత్తది బిగించి, పాళ్ళు కూడా సరిచేసి పంపింది. ఈసారి మంగ చెవులు గింగురుమన్నాయి. గాల్లో తేలినట్టే ఉంది. కనీసం పది చుక్కలు తగ్గి ఉంటాయని గంతులేస్తూ వచ్చింది.

"తొంభై ఒకటి," అంది ముత్యాలు.

మంగ నమ్మలేదు. మళ్ళీ తిరిగింది. మళ్ళీ తొంభై ఒకటే. మూడోసారీ అంతే. వేగం పెరిగింది చెవుల్లోనే తప్ప చక్రాల్లో కాదని అప్పటికి దానికి అర్థమైంది. కాసేపు బండి పక్కనే కూలబడింది. అంత తేనె ఒక్క చుక్క కోసం పోసేయబోయానే అనుకుంది.

సగం తేనెతో కొత్త టైర్లు, బ్రేకులు వేయించుకుంది. మిగతా సగం పిల్లలకు దాచింది. ముత్యాలు పాత సైలెన్సర్‌కు తుప్పుపట్టి పడిన చిల్లు మీద రేకు ముక్క అతికింది. ఆ రోజు నుంచి మంగ పొద్దున్నే చెరువుకు వెళ్ళేది. ఎక్కడ బ్రేకు వేయాలి, ఎంత వంగాలి, ఎప్పుడు మళ్ళీ వేగం అందుకోవాలి, ఇదే సాధన. తీతువు గుడ్లు పెట్టాక దానికి దూరంగా వాగు ఇసుకలో తిరిగింది. చెరువులో ఆఖరిసారి చూసుకున్నప్పుడే ఎనభై అయిదు చుక్కలకు వచ్చింది. సింగారయ్య మాత్రం సాధన మానేసింది. రోజూ బండి తుడుచుకోవడంతోనే పొద్దు గడిచిపోయేది.

పందెం రోజు వచ్చింది. మిగతా జంతువులు ఈ పందెం చూశాక కొందామని తేనె కుండలతో సహా వచ్చి కోతి పక్కన కూర్చున్నాయి. మంగ బండిని చూసి సింగారయ్య నవ్వింది.

"మంగక్కా, నీ బండి నడుస్తోందా, నిద్రపోతోందా?"

మంగకు సిగ్గేసింది. తల వంచుకుని బండెక్కింది.

పందెం మొదలైంది. దుప్పి, కుందేలు మొదట్లోనే వెనకబడ్డాయి. తిన్నని దారిలో సింగారయ్య ముందుండేది. మలుపు రాగానే మంగ దగ్గరపడేది. సైలెన్సర్ మార్చిన సింగారయ్య పాళ్ళు సరిచేయించుకోలేదు కదా, మలుపు తిరిగాక దాని బండి దగ్గి దగ్గి గానీ వేగం అందుకునేది కాదు. మలుపు దగ్గర ఇసుక ఉండటం వల్ల ఎవరూ గట్టిగా తోలడం లేదు. తీతువు మెడ ముడుచుకుని గుడ్ల మీదే ఉంది.

పన్నెండో చుట్టు ఆఖరి మలుపులో మంగ పక్కకు వచ్చేసింది. రెండు బండ్లూ జంటగా ఉన్నాయి. సింగారయ్యకు కంగారు పుట్టింది. తీతువు పక్కనుంచి పోతూ వేగం పెంచే చేతిపిడి, అదే రేజు, పూర్తిగా తిప్పేసింది.

తీతువు కెవ్వుమని గాల్లోకి లేచింది.

కాకి పెద్దయ్య రెక్కలు చాపింది. రెండు బండ్లూ ఆగాయి. ఎవరి చప్పుడో తెలియదు, రెండూ పక్కపక్కనే ఉన్నాయి. తీతువు తిరిగి వచ్చి గుడ్ల మీద కూర్చునేదాకా ఎవరూ కదలలేదు.

"అది మంగ బండే. దాని సైలెన్సర్‌కు అతుకు ఉంది, చూడండి," అంది సింగారయ్య.

 అతుకు ఉన్న మాట నిజమే. ఇందాకటి నుంచి రేకు కాస్త కదులుతున్నట్టు కూడా ఉంది. ఊడితే ఇక అంతే. చిన్నది తడిసి వణుకుతున్నట్టు కళ్ళ ముందు కనబడింది.

కాకి పెద్దయ్య రెక్కలు ముడుచుకుంది. "ఒక్కొక్కరే తీతువు పక్కనుంచి పూర్తి రేజుతో పోండి. చూద్దాం. మంగా, ముందు నువ్వు," అంది.

మంగ బండెక్కింది.  రేజు పూర్తిగా తిప్పింది. బండి గుర్రుమంటూ మలుపు దాటింది. మంగ వెనక్కి తిరిగి చూడటానికి భయపడింది. చివరికి చూసింది.

తీతువు గుడ్ల మీదే ఉంది. మెడ తిప్పి మంగ వైపు ఒక్కసారి చూసి, కదిలిన గుడ్డును ముక్కుతో పొట్ట కిందికి సర్దుకుంది.

మంగకు ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య అని అక్కడే కూర్చుని ఏడ్చేసింది.

తరువాత సింగారయ్య వంతు. అది రేజు సగం తిప్పేసరికే తీతువు మళ్ళీ లేచిపోయింది. నియమం ప్రకారం సింగారయ్య తప్పుకుంది, గుహ మంగకు దక్కింది. కోతి పక్కన కుండలతో కూర్చున్న జంతువులు ఒక్కొక్కటే కుండ ఎత్తుకుని, ఊపిరి పీల్చుకుంటూ ఇంటిదారి పట్టాయి. కోతి కూడా మూట కట్టేసింది.

పదిరోజులకు తీతువు పిల్లలు బయటికి వచ్చాయి. ఆ వెంటనే వానలు మొదలయ్యాయి. గుహలో ముగ్గురు పిల్లలూ పొడిగా, వెచ్చగా పడుకున్నారు. బయట సింగారయ్య తడిసిన ఈకలతో ఏదో తవ్వుతోంది. ఏమిటా అని మంగ తొంగిచూసింది. సింగారయ్య తానుండే చెట్టు మొదట్లో నీళ్ళు నిలిస్తే, అవి పోవడానికి ఆ తళతళలాడే సైలెన్సర్‌ను గొట్టంగా పాతుకుంటోంది.

"సింగారయ్యా, తడిసింది చాలు, లోపలికి రా. తేనె కాస్త మిగిలే ఉంది," అని పిలిచింది మంగ.

నీతి: చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టు కాదు, ఏది ముందు అవసరమో తెలుసుకుని ఖర్చుపెట్టేవారే నిశ్చింతగా నిద్రపోతారు.