ఎర్రగట్టు పెడమొగమ్మలు ఎందుకు లేవలేదు

ఈ చిన్న పుస్తకం అట్ట మీద అమ్మవార్ల పేరు కంటే నా పేరు పెద్ద అక్షరాలలో ఉన్నదని కొందరు భక్తులు ఆక్షేపించారు. అది గర్వం కాదు, వినయం. అమ్మవార్ల పేరు నలుగురికీ తెలుసు. నా పేరు ఎవరికీ తెలియదు గనుక సాయం దానికే కావాలి. బడికి పోకుండా, సంతలో కట్టిన పొట్లాల కాగితాలు విప్పి చదువు నేర్చినవాణ్ణి, తప్పులుంటే పొట్లాలవే.

ఎర్రగట్టు కొండ కింద, పాత బందెలదొడ్డి వాకిట, వీపు వీపు ఆనించి కూర్చున్నట్టున్న రెండు రాళ్ళే పెడమొగమ్మలు. పైన కప్పు లేదు. పక్కూరిలో దొర గుర్రాన్ని నరికి ప్రాణం విడిచిన గొడ్డలి వీరప్ప గుడికి గోపురమూ మైకూ బస్సు స్టాపూ ఉన్నాయి. ఆ గొడ్డలికి జడిసే మా కొండకు కంచె వేసిన దొర కూడా వెనక్కి తగ్గాడని వాళ్ళ పుస్తకంలో రాసుకున్నారు. దానికి మూడో ముద్రణ! నాకు కడుపు మండుతుంది. పెడమొగమ్మల సేవకుడికి ఆ మంట సంప్రదాయమే.

పూర్వం ఇక్కడ తెల్లవారి ఏలుబడిలో ఒక దొర కొండ చుట్టూ కంచె వేయించి, మేత నిషేధమని చాటించాడు. చాటింపు వినపడని పశువులు యథాప్రకారం మేతకు వెళ్ళాయి. వాటినన్నిటినీ దొడ్డిలో పెట్టించి, నాలుగోనాడు పట్నానికి తోలించి వేలం వేస్తానన్నాడు. ఊళ్ళో పాలకూ దుక్కికీ అవే ఆధారం. మగవాళ్ళు కర్రలు తీశారు. దొర వెంట తుపాకులున్నాయి.

గొల్లవారి పెద్దకోడలు ఓబులమ్మ ఆ ఉదయం ఏటి దగ్గర తన కల చెప్పింది. గంగమ్మ తల్లి కనపడి, "కర్ర ముట్టొద్దు. దొడ్డి వాకిట కూర్చో. పశువు బయటికొచ్చేదాకా లేవొద్దు" అన్నదట. తోడికోడలు సుంకమ్మ కడవ దించకుండానే, "నాకు మొన్ననే చెప్పిందిలే అక్కా. నిన్నూ పిలవమంది, నేనే మరిచిపోయా" అన్నది.

ఇద్దరూ పోయి వాకిటికి అడ్డంగా కూర్చున్నారు. ఒకరి మొగం ఒకరు చూడలేక వీపులు కలిపారు. రెండోనాటికి మోకాళ్ళు పట్టేశాయి.

"నడుం నొప్పిదానివి, లేచి ఇంటికి పోరాదటే," అన్నది ఓబులమ్మ.

"పెద్దదానివి, ముందు నువ్వు లే అక్కా. నీ వెనకే వస్తా."

"నేను లేస్తే, గంగమ్మ నీ ఒక్కదాని కల్లోకే వచ్చిందని ఊరంతా దండోరా వేయవూ?"

మూడోనాడు దొర ఆజ్ఞతో జవాను సుంకమ్మ భుజం మీద లాఠీతో కొట్టాడు. ఆమె చెయ్యెత్తలేదు. రెండో దెబ్బ పడేలోగా ఓబులమ్మ గబుక్కున జరిగి తన భుజం అడ్డం పెట్టింది.

"ఒరే, పెద్దకోడల్ని నేనుండగా చిన్నదాన్ని ముందు కొడతావా? మర్యాద తెలీదట్రా నీకు?"

జనం నవ్వారు. జవానుకూ నవ్వొచ్చింది. ఆ లాఠీ మళ్ళీ లేవలేదు. పేరంతా ఈ ఇద్దరికే పోతోందని కుళ్ళుకుని తక్కిన ఆడవాళ్ళూ వచ్చి కూర్చున్నారు. దొరకు వంట చేసేవాడూ, గుర్రానికి గడ్డి వేసేవాడూ కూడా కూర్చున్నాక, పొద్దువాలేలోగా దొడ్డి తలుపు తెరుచుకున్నది.

పశువులు బయటికొచ్చాయి. కంచె పీకించి దొర పోయాడు. జనమూ ఇళ్ళకు పోయారు. తోడికోడళ్ళు మాత్రం లేవలేదు. ముందు ఎవరు లేవాలి? తెల్లవారి చూస్తే రెండు రాళ్ళు.

ఇప్పటికీ శ్రావణంలో మొదటి ఆదివారం, ఓర్వలేక మాటలు మానుకున్న తోడికోడళ్ళు, అన్నదమ్ములు, పక్కపక్క దుకాణాలవారు జంటలుగా వచ్చి ఇక్కడ వీపులు కలిపి కూర్చుంటారు. చేతులు నేలకు ఆనించకుండా, వీపుకు వీపు అదిమి, ఒక్కసారే లేవాలి. అలా లేచినవారి ఇంట పాడి తరగదు, వారి గడప తొక్కిన అధికారి మెత్తగా మాట్లాడి వెళతాడు.

ఒక్క సంగతి దాచకూడదు. పన్నెండేళ్ళ తర్వాత ఇంకో దొర వచ్చి మళ్ళీ కంచె వేశాడు. ఊరు మళ్ళీ అలాగే కూర్చున్నది. ఈ దొర తుపాకులు పేల్పించాడు. నలుగురు కూర్చున్నచోటే ఒరిగిపోయారు. స్వరాజ్యం వచ్చేదాకా ఆ కంచె కదల్లేదు. మొదటి దొర ఎందుకు తగ్గాడో, రెండోవాడు ఎందుకు తగ్గలేదో నేను ఇంకా నేర్చుకోలేదు.