సబ్బు ముక్క

ఏడుకొండలు పనిమంతుడే. ఏం లాభం, తాగుబోతు. కార్లు బాగుచేసే షెడ్డు మూశాక వాడి కాళ్లు ఇంటిదారి మరిచిపోయేవి. ఎప్పుడో తూలుకుంటూ వస్తే, పెళ్లాం సుగుణ గుమ్మంలోనే అందుకునేది. ఆ తిట్లకి వీధి వీధంతా లేచి కూర్చునేది. పాపం, ఎంత ఓర్పున్నదైనా ఎన్నాళ్లని ఊరుకుంటుంది?

వానలప్పుడు ఒకనాడు బడినుంచి పాపను తెస్తానని మాటిచ్చి, తాగి పడిపోయాడు. బడి గేటు దగ్గర తడుస్తూ ఏడుస్తున్న బిడ్డను చీకటిపడ్డాక సుగుణే వెళ్లి ఎత్తుకొచ్చుకుంది. ఆరోజు మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. ఆ తరవాతా అనలేదు. అన్నం పెడుతుంది, పక్కకి తప్పుకుంటుంది.

వీడికేమో అది వరంలా తోచింది. పెళ్లాం దారికొచ్చిందని, ఇంట్లో ఇప్పుడు చీమ చిటుక్కుమంటే ఒట్టని షెడ్డులో గొప్పలు పోయాడు. తోటివాళ్లు నవ్వారు. వాడికి పని నేర్పిన ఖాజా ఉస్తాద్ నవ్వలేదు.

ఆ మధ్యాహ్నమే ఒక చిన్న కారు కీచుమని అరుచుకుంటూ వచ్చింది. బానెట్ ఎత్తి చూస్తే ఆ అరుపు పొడుగు బెల్టుది. డైనమో, ఏసీ, నీళ్ల పంపు, అన్నిటినీ తిప్పేది అదొక్కటే. ఉస్తాద్ చేతులు కడుక్కునే సబ్బు ముక్క తెచ్చి ఏడుకొండలు చేతిలో పెట్టి, బెల్టుకి రాయమన్నాడు.

వాడు తెల్లబోయాడు. సబ్బు రాసి బండి పంపేవాడి చెయ్యి విరగ్గొడతానని ఒకప్పుడు బెదిరించింది ఈయనే మరి. ఎదురు చెప్పలేక ఇంజన్ ఆపి రాశాడు. మళ్లీ స్టార్ట్ చేస్తే చప్పుడు లేదు.

"బాగైందా?" అన్నాడు ఉస్తాద్.

"బాగెక్కడిది ఉస్తాద్? నోరు మూసుకుందంతే. ఏ మలుపులోనో పుటుక్కున తెగుద్ది."

ఉస్తాద్ బెల్టు మార్చమని సైగ చేశాడు. ఏడుకొండలు బెల్టుని బిగించి ఉంచే టెన్షనర్‌కి పానా వేసి నొక్కి, పాత బెల్టు లాగేశాడు. వెనక్కి వంచి చూస్తే లోపలంతా పగుళ్లు, ఒక అంచున దారాలు తేలాయి. కొత్తదాన్ని ఒక్కో చక్రం మీదుగా తిప్పి, గాడుల్లో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూసుకున్నాడు. కారు వెళ్లిపోయింది.

బయట ముసురు పట్టింది. ఉస్తాద్ ఆ సబ్బు ముక్కను గుడ్డపేలికలో చుట్టి వాడి చొక్కా జేబులో పెట్టాడు.

"ఇది ఇక్కడొద్దురా. ఇంటికి పట్టుకుపో."

ఏడుకొండలు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. జేబు మీద చెయ్యి వేసుకుని, పానా కింద పడేసి, వానలోనే ఇంటికి పరుగెత్తాడు.

మంచం మీద బట్టలు కుక్కిన సంచి ఉంది. సుగుణ పాపను పక్కన కూర్చోబెట్టుకుని దాని కాళ్లకి చెప్పులు తొడుగుతోంది. వాడు గుమ్మంలోనే కూలబడ్డాడు.

"తిట్టవే సుగుణా. ఒక్కసారి తిట్టు."

ఆమె రెండో చెప్పు కూడా తొడిగింది.