రాధామనోహరం ఎక్కిన మునగచెట్టు

మేకల దొడ్డి పక్కనున్న మునగచెట్టు మీద ఉడుత బుడ్డయ్య కాపురం. పై కొమ్మలో గువ్వ నాగులమ్మ గూడు. చెట్టు బోసిగా ఉందని బుడ్డయ్యకు ఒకటే దిగులు. ఎక్కడినుంచో రాధామనోహరం కొమ్మ కొరికి తెచ్చి చెట్టు మొదట్లో పాతాడు. తొలకరికి అది చిగురు పట్టింది. పట్టిన చిగురును పట్టినట్టే మేక ఎర్రక్క మేసేసేది. ఎంత బతిమాలినా వినలేదు. చివరికి బుడ్డయ్య ఒక అబద్ధం అల్లాడు.

“ఎర్రక్కా, నీ మేలు కోరి చెబుతున్నా. ఆ ఆకు తిన్న మేకకు పాలు ఇంకిపోతాయట!”

ఎర్రక్క అప్పుడు సూడితో ఉంది. “అమ్మో! ముందే చెప్పొద్దూ నాయనా?” అంటూ బెదిరిపోయి, మళ్లీ అటు మూతి పెట్టలేదు.

ఇక తీగకు అడ్డెవరు? చూస్తుండగానే చెట్టంతా అల్లుకుంది. తెల్లగా విచ్చి, గులాబీరంగుకు తిరిగి, ఆపైన ఎర్రబడే పూలగుత్తులు. దారిన పోయే పిట్టలు ఆగి మెచ్చుకుంటుంటే బుడ్డయ్య పొంగిపోయాడు.

ఒకరోజు నాగులమ్మ అంది: “అన్నా, పూలు బాగున్నాయి గానీ కొమ్మ వంగిపోతోంది. మునగ అసలే పెళుసు. గూట్లో గుడ్లున్నాయి. కాస్త తీగ కొరికెయ్యవూ?”

“ఈ పూత కానియ్ చెల్లెమ్మా. ఇంత విరగబూస్తుంటే కొరకడానికి పళ్లెలా ఆడతాయి?”

ఆ పూత ఎప్పటికీ కాలేదు. ఒక గుత్తి వాడేసరికి ఇంకోటి విచ్చేది.

ఒక మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. కొమ్మ కిర్రుమంది. బుడ్డయ్య కొరకబోతే తీగ మోకులా ముదిరి ఉంది. దొడ్డిలోకి పరుగెత్తాడు.

“ఎర్రక్కా, తొందరగా రా! తీగను కిందికి లాగి మెయ్యి!”

“పాలు ఇంకిపోతాయన్నావుగా?”

“అబద్ధం చెప్పానక్కా. నీ కాళ్లు పట్టుకుంటా.”

మళ్లీ సూడితో ఉన్న ఎర్రక్క కడుపుకేసి చూసుకుంది. “అప్పటిది అబద్ధమో, ఇప్పటిది అబద్ధమో నాకేం తెలుసు? పిల్లల తల్లిని కాబోతున్నా. నావల్ల కాదు నాయనా.”

బుడ్డయ్య ఒక్కడే వెళ్లి పళ్లు కదిలేలా కొరికాడు. వాన మొదలైంది. తడిసిన తీగ బరువుకు చెట్టు నడిమికి విరిగి పడింది.

నాగులమ్మ చితికిన గుడ్ల మీద తిరుగుతూ ఉండిపోయింది.

“చెల్లెమ్మా...” అన్నాడు బుడ్డయ్య.

“నేనడిగినప్పుడు నా పిల్లలింకా మొగ్గల్లాంటి వాళ్లన్నా. ఈపాటికి కళ్లు కూడా ఏర్పడి ఉంటాయి,” అని ఎగిరిపోయింది నాగులమ్మ.

విరిగిన మోడు మీద తీగ మళ్లీ పూసింది. బుడ్డయ్య అటు చూడలేక పొలాల అవతలికి కాపురం మార్చేశాడు.

మోజు తీర్చుకోవడానికి ఆడిన అబద్ధం, ప్రాణం మీదికి వచ్చినప్పుడు చెప్పే నిజాన్ని కూడా నమ్మనివ్వదు.