జబ్బుపడిన మలుపులు

ఒక ఊళ్ళో వరహాలనాయుడని ప్రెసిడెంటు ఉండేవాడు. ఆయనకు ఎదురు చెప్పే మొనగాడు ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. ఆయన కారుకు మాత్రం ఆ భయం లేదు. మలుపు తిరిగితే చాలు, ముందు చక్రం దగ్గర టకటకా మొత్తుకునేది.

"బాబూ, చక్రాన్ని తిప్పే సీవీ జాయింటు అరిగిపోయింది," అన్నాడు డ్రైవరు గవిరేశు. "కొండ మలుపులో విరిగిందంటే, ఇంజను ఎంత అరిచినా చక్రం కదలదు, బండి వెనక్కి జారుతుంది. రేపు ఇంటిల్లిపాదీ కొండెక్కాలి కదా, బాగు చేయిద్దాం."

"తిన్నగా పోతే చప్పుడుందా?"

"లేదు బాబూ."

"మరింకేం? జబ్బు మలుపులకిరా, నా కారుకు కాదు!" అని నాయుడు మీసం దువ్వాడు. అరుగు మీదివాళ్ళు ఆహా అన్నారు. గవిరేశుకు ఒళ్ళు మండింది గానీ, "చిత్తం" అన్నాడు.

మర్నాడు పులిహోర గిన్నెలతో సహా అందరూ కారెక్కారు. కొండదారి మలుపు వచ్చింది. గవిరేశు స్టీరింగు తిప్పకుండా తిన్నగా పోనిచ్చాడు.

"ఒరే, కొండ అటురా!" అని నాయుడు కేకేశాడు.

"అటన్నీ మలుపులే బాబూ. జబ్బున్న చోటికి పిల్లాజెల్లాతో మిమ్మల్నెలా తీసుకెళ్ళను?"

వెనక సీట్లో నాయుడి భార్య కిసుక్కున నవ్వింది. కారు చప్పుడు లేకుండా తిన్నగా పోయి, మెకానిక్కు షెడ్డు ముందు ఆగింది.

"ఇక్కడికెందుకురా?"

గవిరేశు దిగి తలుపు తీసి, మహా వినయంగా అన్నాడు: "కొండ మీది మలుపులన్నిటికీ వైద్యం చేసేది ఇక్కడే బాబూ!"