సుంకన్న మూడు వందల ఫాంట్లు

మూడు నెలలు కూర్చుని టైపు చేసిన తత్వాల పుస్తకాన్ని పట్టుకుని ఒక ముసలామె ‘ఉత్త గళ్ళు’ అనేసింది. సుంకన్నకు పొద్దుటినుంచి ఆ కోపం తగ్గలేదు.

ఆదోని దగ్గర గిడ్డయ్య స్వామి ఆశ్రమంలో ఉన్నది ఒకటే కంప్యూటరు. హాల్లో ఉంటుంది, లినక్స్ మీద నడుస్తుంది. అందులో అందరికీ కలిపి ఒక లాగిన్, టైపు పని చూసే సుంకన్నకు వేరే ఒకటి. దాత ఇచ్చిన ఆ పాత యంత్రంలో తెలుగు ఫాంటు ఒక్కటీ లేక అక్షరాల చోట ఖాళీ గళ్ళు కనబడుతుంటే, సుంకన్నే వెతికి వెతికి మూడు వందలు ఎక్కించాడు. ఆ లెక్క చెప్పకుండా ఎవరికీ నమస్కారం కూడా పెట్టడని తోటి శిష్యులు ఆటపట్టించేవాళ్ళు.

ఆ సాయంత్రం ఆరాధన. చనిపోయిన తన భర్త రాసిన తత్వాన్ని మద్దమ్మ పాడాలి. ఆయన నోటుపుస్తకం మొన్నటి అకాల వానకు నాని ముద్దయిపోయింది. ఆ పాట ఇప్పుడు సుంకన్న టైపు చేసిన పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేదు. పొద్దున ఎవరో అందరి లాగిన్‌లో ఆ పుస్తకం తెరిచి ఆమెను ముందు కూర్చోబెట్టారు.

“యాడుంది నాయనా మా ఆయప్ప పాట? అన్నీ ఉత్త గళ్ళే గదా!” అని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

సుంకన్న స్వామి దగ్గరికి వెళ్ళాడు.

“నా లాగిన్‌లో ముత్యాల్లాగా కనబడుతున్నాయి స్వామీ. ఫాంట్లన్నీ నా ఫోల్డర్లో భద్రంగా ఉన్నాయి. కావాల్సినవాళ్ళు నన్నడిగితే తీసి చూపిస్తాను కదా!”

స్వామి లేచి, అరుగు మీదున్న మంచినీళ్ళ కుండను రెండు చేతులా ఎత్తుకుని తన గదిలోకి తీసుకుపోయారు. మూత పెట్టి, తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నారు.

చైత్రమాసపు ఎండ. భజన వాళ్ళు ఊళ్ళనుంచి నడిచి వచ్చి అరుగు మీద నీళ్ళకోసం వెతుక్కోవడం మొదలుపెట్టారు. వాళ్ళతోపాటు మద్దమ్మ కూడా వెతుకుతోంది. కాసేపటికి సుంకన్నకూ గొంతు ఎండింది.

“స్వామీ, కుండేది?”

“ఉంది నాయనా. నిండుగా ఉంది, చల్లగా ఉంది.”

“ఎక్కడ?”

“నా గదిలో.”

“అందరూ దాహంతో అల్లాడుతున్నారు స్వామీ!”

“అట్లనా? నేను తాగినానే!” అన్నారు స్వామి. “కావాల్సినవాళ్ళు నన్నడిగితే పోస్తాను కదా.”

సుంకన్న తల దించుకున్నాడు. ఫాంట్లను అందరికీ పనికొచ్చే చోట పెట్టాలంటే యంత్రం వేరే పాస్‌వర్డు అడుగుతుంది. అది స్వామి దగ్గరే ఉంటుంది. మూడు నెలల కింద, ఇంత తెలిసినవాడిని నేను వెళ్ళి అడగడమేమిటని నామోషీపడి, అన్నీ తన ఫోల్డర్లోనే పెట్టేసుకున్నాడు.

“స్వామీ... ఆ పాస్‌వర్డు ఇప్పించండి.”

స్వామి చీటీ మీద రాసి ఇచ్చారు.

పావుగంటలో సుంకన్న పని ముగించాడు. అందరి లాగిన్‌లో పుస్తకం చూపే ఆఫీసు సాఫ్ట్‌వేరును మూసి, మళ్ళీ తెరిచి, అక్షరాలు కాస్త పెద్దవి చేసి, మద్దమ్మను పిలిచాడు. ఆమె తెర మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. రెండో చరణానికి చదవడం మానేసి పాడసాగింది. ఆ గొంతు విని సుంకన్నకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

బయటికి వచ్చాడు.

“మూడు వందలూ పెట్టినావా?” అని అడిగారు స్వామి.

“లేదు స్వామీ. రెండే. అవ్వ చదువుకోవడానికి అవి చాలు.”

స్వామి నవ్వారు. “దాహమన్నావు గదా, పోయి తాగు.”

కుండ అప్పటికే అరుగు మీద ఉంది. సుంకన్న గ్లాసు ముంచి, హాల్లో పాడుతున్న మద్దమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.