శంఖం మామ్మ తుడిచిన అద్దం

కాకినాడలో సముద్రపు గాలి నేరుగా వచ్చి తగిలే ఒక మేడ మీద వకుళమ్మగారి చేపలతొట్టి ఉండేది. మూడు వైపులా సిమెంటు, ముందువైపు మాత్రం నిలువెత్తు అద్దం. తొట్టి అంటే టీవీ పక్కన పెట్టుకునే గాజు డబ్బా అనుకునేరు. ఈ మూల నుంచి ఈదడం మొదలుపెట్టిన చేపపిల్ల ఆ మూల చేరేసరికి మనవల్ని ఎత్తుకునేది. అంత తొట్టి అది.

నీళ్ల మీద అంతరతామర మొక్కలు ఆకుపచ్చ గులాబీలు విచ్చుకున్నట్టు తేలుతూ ఉండేవి. వాటి వేళ్లు లోపలికి తెల్లటి గడ్డాల్లా వేలాడేవి. మధ్యాహ్నం ఎండ ఆకుల సందుల్లోంచి దిగి, బొట్టుబిళ్లలంత వెలుగుచుక్కలై అడుగున ఇసుక మీద వాలేది. గాలి వీస్తే ఆకులు కదిలేవి, ఆకులు కదిలితే చుక్కలు కదిలేవి. అప్పుడు తొట్టి మొత్తం కళ్లు మూసుకుని కలగంటున్నట్టుండేది.

ఆ కలలో సుఖపడనిది ఒక్క కెంపే. కెంపు ఎర్ర మాలీ చేప. రెండు రోజుల కిందటే పద్దెనిమిది మంది పిల్లల్ని కంది. కనురెప్ప వెంట్రుకంత సన్నటి పిల్లలు, వేళ్ల గుబురులో దూరి ఆడుకుంటున్నారు. అందుకు సంతోషమే. కానీ వకుళమ్మగారింటికి ఎవరొచ్చినా మేడెక్కి, తొట్టి వైపు చూసి, "మొక్కలు భలే ఉన్నాయండీ" అనేసి దిగిపోతారు. ఇంత ఎరుపు ఒంటిమీద పెట్టుకుని, ఒక్కరి కంటికీ ఆనకుండా బతకడం కెంపుకి గొంతులో ముల్లయింది.

ఒకరోజు బట్టలు ఆరేసే తీగ మీద లకుముకిపిట్ట ఒకటి వాలింది. పేరు నీలాంబరం. నీలిరంగు కోటు, గోధుమరంగు చొక్కా, ముఖం కంటే పొడుగు ముక్కు.

"ఎవరమ్మా ఆ ఆకుల చాటున? ఏదో ఎర్రగా మెరిసినట్టుంది," అన్నాడు.

"నేనండీ, కెంపుని."

"పేరేమో కెంపు, కాపురం బొగ్గుల కొట్లోనా? ఎదురింటి హాల్లో ఉండాల్సిన దానివి తల్లీ నువ్వు."

"ఎదురింట్లో ఏముందండీ?"

నీలాంబరం రెక్కలు సర్దుకుని, కచేరీకి కూర్చున్నట్టు కూర్చున్నాడు. "కేబుల్ వైరు మీద కూర్చుని కిటికీలోంచి రోజూ చూస్తాను. అక్కడ ఉప్పునీళ్లు. ఆ నీళ్లకి గోడల్లేవు. కోసిన పాలకోవా ముక్కలా వాటంతటవే నిలబడి ఉంటాయి. లోపల పగడాల తోట. ఊదారంగు కొమ్మలు, వేళ్లున్న పువ్వులు. గాలి లేకుండానే అలా ఊగుతూ ఉంటాయి. నారింజరంగు చేపలు తెల్లపట్టీలు కట్టుకుని ఆ పువ్వుల్లో పడుకుంటాయి. ఒక్క ఆకు అడ్డు లేదు. వచ్చినవాళ్లు సోఫాల్లో కూర్చుని, చేతిలో టీ చల్లారిపోయేదాకా వాటినే చూస్తారు."

"టీ చల్లారిపోయేదాకానా?" అన్నాడు జరీ. జరీ మగ గప్పీ చేప. తోక పట్టుచీర అంచులా ఉంటుంది, తెలివి ఆ అంచు దాకా కూడా ఉండదు.

"మీగడ కట్టేదాకా," అన్నాడు నీలాంబరం.

అద్దం మీద పచ్చటి పాకుడు నాకుతున్న శంఖం మామ్మ ఒక్క క్షణం నోరాపింది. మామ్మ నత్త. ఆ తొట్టి కట్టినప్పుడు సిమెంటు తడారకముందే వచ్చి చేరింది. "గోడల్లేని నీళ్లట," అని తనలో తను గొణుక్కుని మళ్లీ నాకుడు మొదలుపెట్టింది.

"మమ్మల్ని కూడా అలా చూడాలంటే ఏం చెయ్యాలండీ?" అంది కెంపు.

"మీ రోగమంతా నెత్తిమీదే ఉంది. ఆ ఆకులే మీ ఎండని తాగేస్తున్నాయి. వేళ్ల కొసలు కాస్త కాస్త కొరకండి. మూడు రోజుల్లో ఆకు పసుపెక్కుతుంది. పసుపెక్కిన ఆకుని వకుళమ్మగారు ఉంచరు, శుక్రవారం శుక్రవారం ఏరి పారేస్తారు."

"ఇందులో మీకేమిటండీ లాభం?"

"అందమంటే పడిచస్తాను తల్లీ. అంతకంటే ఏం లేదు," అని ముక్కు తీగకి రాసుకుని ఎగిరిపోయాడు.

కెంపు మామ్మ దగ్గరికి వెళ్లి నిలబడింది. మామ్మ తల తిప్పలేదు.

"పొద్దస్తమానం తిని మీరంతా వదిలేదేదీ కనబడదేం? ఎటు పోతోందనుకున్నావే?"

"ఏమో."

"ఆ వేళ్లు తాగుతున్నాయి. దాంతోనే ఆకులు అంత పచ్చగా ఉన్నాయి, మీరు ఇంత చల్లగా ఉన్నారు. వాటిని కొరికితే నీళ్లు విషమవుతాయి."

"నువ్వు పాతకాలం దానివి మామ్మా. పాకుడు నాకుతూ బతికేదానికి పగడాల సంగతేం తెలుస్తుంది?"

"తెలీదు. పాకుడు సంగతే తెలుసు," అంది మామ్మ.

మూడు రోజులు కొరికారు. కెంపు, జరీ, మిగతా గప్పీలు, అందరూ పోటీలు పడి కొరికారు. ఆ చప్పుడికి కింద వంటింట్లో వకుళమ్మగారు పోపులో ఆవాలు చిటపటలాడుతున్నాయనుకుని రెండుసార్లు పొయ్యి కట్టేశారు. శుక్రవారానికి ఆకులన్నీ పసుపెక్కాయి. ఆవిడ మేడ మీదకొచ్చి "అయ్యో, తెగులు పట్టిందే" అనుకుంటూ మొక్కలన్నీ తీసి, కుళాయి దగ్గరున్న నీలం బకెట్లో నీళ్లలో పడేసి వెళ్లారు.

ఆకాశం తొట్టిలోకి దిగింది.

ఆ రోజు చూడాలి కెంపు వైభవం. ఎండ తగిలి ఆమె ఎరుపు పిట్టగోడ దాటి వీధిలో పడితే, ఒక ఆటో అతను సిగ్నలనుకుని బండి ఆపేశాడు. వెనకాల మార్కెట్టు దాకా ఆటోలు నిలిచిపోయాయి. సాయంత్రం పక్కింటి రత్నాంబగారు మేడెక్కి, "ఈ ఎర్రచేప ఎంత బాగుందండీ, ఇన్నాళ్లూ చూడనేలేదు" అన్నారు. కెంపు ఆ మాటని బుగ్గన పెట్టుకుని, చప్పరిస్తూ, రాత్రంతా నీళ్లలో తేలింది. తానూ ఊదారంగు కొమ్మల మధ్య పడుకున్నట్టు, చుట్టూ టీలు చల్లారిపోతున్నట్టు ఊహించుకుంది.

మర్నాడు ఆ రుచి మారింది. నీళ్లు వెచ్చబడ్డాయి. మొప్పల్లో కారం పోసినట్టు మంట. ఊపిరాడక చేపలన్నీ పైకి తేలి, నీటి అంచున నోళ్లు తెరిచి గాలి మింగసాగాయి.

తీగ మీంచి నీలి మెరుపొకటి పడింది, లేచింది. అంతే. జరీ ఉన్నచోట నీళ్ల మీద గుండ్రటి అల ఒకటి పెద్దదవుతూ వెళ్లి గోడకి తగిలింది.

నీలాంబరం మళ్లీ తీగ మీద కూర్చుని ముక్కు తుడుచుకుంటున్నాడు.

"జరీ ఏడండీ?" అంది కెంపు.

"దగ్గరగా చూద్దామని వచ్చానమ్మా. నోరు తెరిచే ఉండడం అలవాటైపోయింది, అందులో పడ్డాడు. పట్టించుకోకు. పద్దెనిమిది మంది పిల్లలు కదూ నీకు? రేపొస్తాను. అందాన్ని ఒక్కరోజు చూస్తే సరిపోదు."

అప్పుడు కెంపు కిందికి చూసింది. దాక్కోడానికి ఒక్క వేరు లేదు. బోసి ఇసుక మీద పద్దెనిమిది మంది పిల్లలూ ఒక మూల ఒకరినొకరు అంటుకుని ఉన్నారు. ఎంత స్పష్టంగా కనబడుతున్నారంటే వాళ్ల పొట్టల్లో నిన్న తిన్న మేత కూడా లెక్కపెట్టొచ్చు.

కెంపు మామ్మ దగ్గరికి వెళ్లి ఏడ్చింది.

"ఏడవకు. నీళ్లలో ఏడిస్తే ఎవరికీ తెలీదు," అంది మామ్మ. "నిన్ను తిట్టాలని ఉంది గానీ పనుంది. ఆ పిట్ట ఎదురింటి నీళ్ల గురించి ఏమన్నాడు?"

"గోడల్లేవన్నాడు. వాటంతటవే నిలబడి ఉంటాయన్నాడు."

"అంటే వాడికి అద్దం అంటే ఏమిటో తెలీదు. మన అద్దం వాడెప్పుడూ చూడలేదే, దాని మీది పాకుడునే చూశాడు. ఇదో పచ్చగోడ అనుకుంటున్నాడు. రేపు వాడొచ్చేసరికి ఇది లేనట్టు చేస్తాను."

"ఇంత అద్దమా? నువ్వు జానెడు జరగాలంటే పూట పడుతుంది కదే మామ్మా."

"ఇన్నాళ్లూ ఆకలికి తిన్నాను. ఇప్పుడు పంతానికి తింటాను. చూస్తూ ఉండు."

చూస్తూ ఉంది కెంపు. అలాంటి నాకుడు చేపల చరిత్రలో లేదు, నత్తల పురాణాల్లోనూ లేదు. మామ్మ అద్దం అడుగు నుంచి పైకి, పై నుంచి అడుగుకి, మగ్గంలో నాడెలా తిరిగింది. ఆ వేగానికి వీపు మీది శంఖం వేడెక్కి చుట్టూ బుడగలు లేచాయి. ఎండ వాలేసరికి సగం, తెల్లవారి కాకి కూసేసరికి మిగతా సగం తినేసి, కుంకుడుకాయంత ఉన్న మామ్మ కొబ్బరిబోండాం అయింది. అద్దం ఎంత తేటపడిందంటే, పొద్దున్నే సముద్రపు గాలి దారి ఉందనుకుని లోపలికి రాబోయి, నుదురు కొట్టుకుని వెనక్కి పోయింది.

"ఇంక నీ పిల్లల్ని తీసుకొచ్చి అద్దం వెనక అడుగున నిలబెట్టు," అంది మామ్మ ఆయాసపడుతూ. "మిగతావాళ్లంతా ఇసుక మీదే ఉండాలి. ఎంత మండినా సరే, ఒక్కడు పైకి తేలినా ఆ పిట్ట అటే దూకుతాడు."

నీలాంబరం వచ్చాడు. తీగ మీంచి తొంగి చూస్తే నీటి అంచున ఒక్క నోరూ లేదు.

"కెంపూ, ఎక్కడున్నావమ్మా?"

"కిందికి దయచేయండి నీలాంబరంగారూ. ఎదురుగా బోర్లించిన పూలకుండీ ఉంది, సోఫా అనుకుని కూర్చోండి. పిల్లలకి ఆట నేర్పించాను, ముందునుంచి చూస్తేనే బాగుంటుంది."

వాలాడు. చూశాడు. ముక్కు కొద్దిగా తెరుచుకుంది. "ఇక్కడ పచ్చగోడ ఉండాలి కదూ?"

"మొన్న కప్పు తీసేశాం, ఇవాళ గోడ కూడా పోయిందండీ. అంతా మీ చలవే. ఎదురింట్లోలా మా నీళ్లు కూడా వాటంతటవే నిలబడ్డాయి."

"నేను చెబితే ఊరికే పోతుందా," అన్నాడు నీలాంబరం. చూపు పిల్లల వైపు సాగిపోయింది. పద్దెనిమిది మందీ ఒక్క గుప్పెడులో పట్టేలా నిలబడి, వెలుగులో ముత్యాల్లా వణుకుతున్నారు.

కెంపు మొప్పలు భగ్గుమంటున్నాయి. పిల్లల్ని రెక్కతో వెనక్కి లాగేసుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. అయినా కదల్లేదు. "ఒక్కసారే చూడాలండీ," అంది మెల్లగా. "ఇంకో క్షణమైతే చెదిరిపోతారు."

ఆ మాట పూర్తికాకుండానే నీలాంబరం దూకాడు.

ఆ చప్పుడుకి రేవులో లంగరేసిన ఓడ తన్నే పిలిచారనుకుని బదులు కూత కూసింది. నీలాంబరం కుండీ పక్కన వెల్లకిలా పడ్డాడు. ముక్కు కొస వంకాయ ముచ్చికలా వంగిపోయింది. అద్దం అవతల, అంగుళం దూరంలో, పద్దెనిమిది మంది పిల్లలు అతన్ని వింతగా చూస్తున్నారు.

వకుళమ్మగారు గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చారు. అప్పటిదాకా ఊపిరి బిగబట్టిన చేపలన్నీ ఒక్కసారి పైకి తేలి నోళ్లు తెరిచాయి. ఆవిడ వాటిని చూశారు, తొట్టిలో ముక్కు పెట్టి వాసన చూశారు, తర్వాత కుళాయి దగ్గరి బకెట్ వైపు చూశారు. అందులో అంతరతామరలకి మళ్లీ తెల్లటి వేళ్లు పుట్టుకొస్తున్నాయి. "నాదే బుద్ధితక్కువ," అనుకుంటూ మొక్కల్ని తెచ్చి తొట్టిలో వదిలారు. సగం నీళ్లు తోడి పుదీనా మడికి పోసి, బిందెల్లో నిలవపెట్టిన నీళ్లు నింపారు.

వారం తిరక్కుండా నీడ వచ్చింది. ఇసుక మీదికి బొట్టుబిళ్లల వెలుగు దిగింది, తొట్టి మళ్లీ కళ్లు మూసుకుంది. జరీ తిరిగే మూల మాత్రం చాలా రోజులు ఎవరూ ఈదలేదు. ఒక మధ్యాహ్నం రత్నాంబగారు మేడెక్కి తొట్టి చూసి, "మొక్కలు భలే ఉన్నాయండీ" అన్నారు. వేళ్ల గుబురులో కెంపు పిల్లల్ని లెక్కపెట్టుకుంది. పద్దెనిమిది. అంత తియ్యటి మాట తను ఇదివరకెప్పుడూ వినలేదనిపించింది.

నీలాంబరం ఇప్పుడు మురిక్కాలవ గట్టున ఉంటున్నాడు. వంకర ముక్కుకి చేప చిక్కదు, బురదలో వానపాములు తవ్వుకుంటున్నాడు. ముక్కుకేమైందని ఎవరైనా అడిగితే, నీళ్లు గట్టిపడే దేశం ఒకటుంది, అక్కడికి వెళ్లొచ్చానంటాడు.

నిన్ను మెరిపిస్తానని నీ నీడ తీయించేవాడికి ఆకలి ఎంతుందో ముందు కనుక్కో.